మణికట్టు దాకా

పోయిన నెల మా హెడ్మాస్టారికి మనవరాలు పుట్టింది. బారసాలకి స్టాఫ్ తరఫున బట్టలు తెచ్చే పని ఎప్పటిలాగే నా మీద పడింది. గూడూరు మండలంలో ఏ స్కూల్లో ఉన్నా ఈ పని నాదే. బందరు నుంచి రోజూ బస్సులో వచ్చిపోతాను కాబట్టి, బందరులో పిల్లల బట్టలు బాగుంటాయి కాబట్టి. ఇంకో కారణం కూడా ఉందని స్టాఫ్‌రూమ్‌లో ఎవరికీ తెలియదు.

నేను పిల్లల బట్టలు కొనే కొట్టు కోనేరు సెంటరు వెనక సందులో ఉంది. రెండేళ్ళుగా నేను అటు వెళ్ళలేదు. గుమ్మం మీద ‘కిడ్స్ బొటిక్’ అని కొత్త బోర్డు పెట్టారు. లోపల కుట్టుమిషను ముందు, ఆ కొట్టు నడిపే ఆమె కూతురు కూర్చుని ఉంది. ఆమె కూర్చునే చెక్కకుర్చీని గోడవారకి జరిపి, దానిమీద గుడ్డ తాను ఒకటి పెట్టారు.

"అమ్మగారు లేరా అమ్మా?"

"అమ్మ పోయి మూడు నెలలైందండీ మాస్టారూ. మీకు తెలీదా?"

తెలియదన్నాను. జ్వరమనుకున్నామని, నాలుగు రోజులే మంచంలో ఉందని ఆ అమ్మాయి చెప్పింది. నేను ఆ కుర్చీవైపు చూశాను. ఆ అమ్మాయి కళ్ళు తుడుచుకుని, ఆ కొట్టులో ఎవరు వచ్చినా మొదట అడిగే ప్రశ్న అడిగింది.

"పుట్టిందాండీ?"

"పుట్టింది. మా హెడ్మాస్టారి మనవరాలు."

"అయితే చూపించండి."

నేను కుడిచెయ్యి చాపాను.

చూపించడమంటే ఏమిటో చెప్పాలి. ఆమె మెడలో ఎప్పుడూ టేపు వేలాడేది. చంటిబిడ్డల గౌన్లకి మాత్రం ఆ టేపుతో పని మొదలుపెట్టేది కాదు. బిడ్డ వయసు అడిగేది కాదు, బరువు అడిగేది కాదు. "ఒకే రోజు పుట్టిన ఇద్దరు ఒక్క కొలతలో ఉండరు" అనేది. వచ్చినవాళ్ళు చెయ్యి చాపి, బిడ్డ మెడ మోచేతి మడతలో ఉందనుకుని, కాళ్ళు ఎక్కడిదాకా వస్తాయో రెండో చేత్తో చూపించాలి. అప్పుడు టేపు తీసి ఆ చేతిని కొలిచేది. కాళ్ళు దాటి నాలుగు వేళ్ళు కలిపి, పాదాలు కప్పేలా పొడుగు గౌను కుట్టేది. కుట్లు బయటివైపు వచ్చేవి. లోపల ఉంటే బిడ్డ ఒంటికి ఒరుసుకుంటాయట. బొత్తాలుండవు, వెనక ముడులే. గుడ్డను రెండుసార్లు ఉతికి ఆరేశాకే కత్తెర పెట్టేది. చివరి దారాన్ని మాత్రం పళ్ళతోనే తెంపేది. ఎందుకని ఒకసారి అడిగితే, "కత్తెర తీసి పెట్టేలోగా అయిపోతుంది కదండీ" అంది. నేను ఏదో గొప్ప కారణం ఉంటుందనుకున్నాను.

చమ్కీ కాగితంలో చుట్టి ఇమ్మంటే ఇచ్చేది కాదు. "ఆ చప్పుడుకి బిడ్డ ఉలిక్కిపడుద్ది" అని పాత చీర ముక్కలో కట్టి ఇచ్చేది. కొత్త గౌనుతోపాటు ఉతికిన పాతబట్ట ఒకటి ఊరికే ఇచ్చేది. ఇంకో బిడ్డ వేసుకుని విప్పిన బట్ట. "ముందు ఇది వెయ్యండి, తర్వాత కొత్తది. మీలోనూ అంతే, మాలోనూ అంతే" అనేది. బిడ్డ పెరిగాక ఆ బట్ట తిరిగి తెచ్చివ్వాలి. కొట్టులో బల్ల కింద అలాంటి బట్టల మూట ఉండేది. బందరులో సగంమంది పిల్లలు ఆ మూటలోంచే మొదటి బట్ట కట్టారని ఆమె అనేది. అందులో కొంచెం గొప్ప ఉంది, అయితే అబద్ధం లేదు.

ముస్లిముల ఇళ్ళవాళ్ళు ఆమెను ఆపా అనేవారు, మిగతావాళ్ళు పిన్నిగారూ అనేవారు. నేను ‘అండీ’తో సరిపెట్టాను. పేరు చివరిదాకా అడగలేదు.

ఒకసారి నేనున్నప్పుడు చిలకలపూడి నుంచి ఒక కుర్రాడు తల్లితో కలిసి వచ్చాడు. వారం కిందట కొడుకు పుట్టాడట. చూపించమంటే రెండు చేతులూ బారుగా చాపాడు.

"అది బిడ్డా, పండుగప్పా బాబూ?" అంది ఆమె.

తల్లి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "వాడు చేపల వేటకి వెళ్తాడమ్మా. చేతులకి అదే అలవాటైపోయింది."

"చేపకి గౌను కుట్టడం నాకు రాదు. నిదానంగా గుర్తు తెచ్చుకో."

వాడు సిగ్గుపడుతూ చెయ్యి మడిచాడు. "ఇక్కడిదాకా ఉంటాడండీ. కాదు, ఇక్కడిదాకా. కాళ్ళు ముడుచుకుంటాడండీ, మళ్ళీ తంతాడు. తన్నినప్పుడు ఇదిగో, ఇక్కడిదాకా వస్తాడు."

"అదీ" అంది ఆమె, టేపు అందుకుంటూ. "ఇప్పుడు బిడ్డ కనపడ్డాడు."

ఆ రోజు నేనూ నవ్వాను. ఆ మాటకి అర్థం నాకు తర్వాత తెలిసింది.

ఆమెకి ఒకటే నియమం. బిడ్డ పుట్టకముందు గౌను అమ్మదు. పెడన నుంచి వచ్చిన పెద్దావిడ ఒకామె ఎంత బతిమాలినా ఇవ్వలేదు. "ఇంకా పదిరోజులే కదమ్మా, నేను మళ్ళీ ఇంతదూరం రాలేను" అందావిడ.

"మీరు రాకండి. మీ అల్లుణ్ణి పంపించండి. చెయ్యి చాపడం నేర్చుకుంటాడు."

"అల్లుడికి సెలవుండదు."

"బిడ్డ పుడితే కూడా సెలవు లేని ఉద్యోగమైతే మాన్పించెయ్యండి."

పెద్దావిడ తిట్టుకుంటూ వెళ్ళింది. నెల తిరక్కుండా అల్లుణ్ణి వెంటపెట్టుకుని తనే వచ్చింది.

నాకు అలాంటి నమ్మకాలు లేవు. అప్పుడూ లేవు, ఇప్పుడూ లేవు. పదిహేనేళ్ళ కిందట నా భార్య పురిటికి అవనిగడ్డ దగ్గర పుట్టింట్లో ఉంది. రోజులు దగ్గరపడ్డాయి. శనివారం మధ్యాహ్నం స్కూలు నుంచి వచ్చి, అవనిగడ్డ బస్సు ఎక్కే ముందు ఆ కొట్టుకి మొదటిసారి వెళ్ళాను. ఒట్టి చేతులతో వెళ్ళాలనిపించలేదు, అంతే.

"పుట్టిందాండీ?" అంది.

లేదంటే ఇవ్వదని తోటి మాస్టార్లు చెప్పి ఉన్నారు. "పుట్టింది" అన్నాను.

"ఏం బిడ్డ?"

"ఆడపిల్ల." ఆలోచించి అన్నది కాదు. నోటికి వచ్చింది.

"చూపించండి."

నేను చెయ్యి చాపాను. బల్లమీద స్కేలు పెట్టినట్టు తిన్నగా చాపి, వేళ్ళ మొదలు దాకా చూపించాను. ఆమె నా చేతివైపు ఒక క్షణం చూసింది. కొలుచుకుని, కుట్టి ఉంచినవాటిలో ఆ కొలతకి సరిపడే గౌను ఒకటి తీసింది. తెల్లది, అంచుకి లేత పసుపు గుడ్డ వేసినది. దాన్ని చీర ముక్కలో కట్టింది. దానిమీద పాతబట్ట పెట్టింది. "ముందు ఇది" అంది.

సోమవారం ఉదయం అవనిగడ్డ ఆస్పత్రిలో ఆపరేషను చేశారు. బిడ్డ కడుపులోనే పోయింది. ఎవరి తప్పూ లేదు. డాక్టరు చేయగలిగింది చేసింది. ఆడపిల్ల.

నా భార్యకి మత్తు దిగకముందే పెద్దవాళ్ళు నిర్ణయించారు. "దానికి చూపించకండి. చూడకపోతే మర్చిపోద్ది" అంది మా అత్తగారు. ఆమె కూతురి కోసమే అంది. మా మావగారు వరండాలో స్తంభం పట్టుకుని నిలబడిపోయారు. బిడ్డను నా చేతికి ఇచ్చారు. నేను ముందు ఆ పాతబట్ట చుట్టాను. దానిమీద గౌను తొడిగాను. నర్సు వెనక ముడులు వేసింది. గౌను కాళ్ళు దాటి చాలా కిందికి వచ్చింది. బిడ్డ నా మణికట్టు దాకానే ఉంది. ఆస్పత్రి నుంచి కాలవగట్టు దాకా ఆటోలో చేతిమీదే పెట్టుకున్నాను కాబట్టి ఆ కొలత నాకు బాగా తెలుసు.

గౌను ముందు కొన్నందుకు బిడ్డ పోదు. ఇది నాకు తెలుసు. తెలియడం వల్ల పెద్దగా లాభం లేకపోయింది.

పదకొండో రోజున నా భార్య మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని అడిగింది. "ఎంత ఉంది?"

ఏమీ చెప్పవద్దని అంతకుముందే నాకు చెప్పి ఉన్నారు. "నేనూ చూడలేదు" అన్నాను.

మళ్ళీ అడగలేదు. మాకు తర్వాత పిల్లలు పుట్టలేదు.

నెలన్నర తర్వాత డ్రిల్లు మాస్టారింట్లో బారసాల వచ్చింది. బట్టలు ఎవరు తెస్తారంటే నేను తెస్తానన్నాను. ఎందుకన్నానో ఇప్పటికీ చెప్పలేను. కొట్టుకి వెళ్ళగానే ఆమె గుర్తుపట్టింది.

"పాప ఎలా ఉందండీ మాస్టారూ?"

"బాగుందండీ."

"ఇప్పుడెంత వచ్చిందో చూపించండి."

చూపించాను. ఈసారి చెయ్యి దానంతట అదే మడత పడింది, మోచెయ్యి కొంచెం పైకి లేచింది. రెండో చెయ్యి మణికట్టు మీద పెట్టాను. మొదటిసారి వేళ్ళదాకా చూపించిన సంగతి నాకు గుర్తే రాలేదు. నెలన్నర పెరగవలసిన బిడ్డ నా చేతిమీద తగ్గిపోయింది. ఆమె టేపు తియ్యలేదు. డ్రిల్లు మాస్టారి బిడ్డ సంగతి అడిగి, ఆ గౌను ఇచ్చి పంపింది.

ఆ రోజు తర్వాత మా పాప గురించి ఆమె ఎప్పుడూ అడగలేదు. నేనే చెప్పేవాణ్ణి. పాప బోర్లా పడుతోందన్నాను. నిలబడుతోందన్నాను. మోకాలిదాకా వచ్చిందన్నాను, నడుం దాకా వచ్చిందన్నాను. ఆమె మిషను తొక్కుతూ "ఊఁ" అనేది. ఏడాదికోసారి మా పాపకి ఒక గౌను అడిగేవాణ్ణి. అందరికీ "చూపించండి" అనే మనిషి నన్ను ఆ మాట అనకుండానే కుట్టి ఇచ్చేది. ఆ గౌన్లు మర్నాడు స్కూలు పక్కనున్న అంగన్‌వాడీ ఆయాకి ఇచ్చేవాణ్ణి. మా దూరపు చుట్టాల పిల్లకి పట్టని గౌన్లని చెప్పేవాణ్ణి. నేనిచ్చిన గళ్ళ గౌను వేసుకున్న ఒక పిల్ల చాలారోజులు ఆ అంగన్‌వాడీ మెట్లమీద కనపడేది. అటు చూడకుండా స్కూల్లోకి వెళ్ళేవాణ్ణి, గంట కొట్టాక కిటికీలోంచి చూసేవాణ్ణి.

ఇంకొకటి కూడా ఉంది. కొట్టుకి వచ్చిన ప్రతివాళ్ళనీ ఆమె నిలదీసేది, "ఆ పాతబట్ట ఎప్పుడు తెచ్చిస్తారు? అవతల ఇంకో బిడ్డకి కావాలి" అని. నన్ను ఒక్కసారీ అడగలేదు.

నాలుగో ఏడు కాబోలు. ఒక తల్లి నాలుగేళ్ళ పిల్లని బల్లమీద నిలబెట్టి గౌను వేయించి చూస్తోంది. పిల్ల కదలకుండా నిలబడనంటోంది. "కుదురుగా నిలబడవే, సూది గుచ్చుకుంటుంది" అంటోంది తల్లి. నేను ఆ పిల్ల ఎత్తు చూస్తూ నిలబడ్డాను. వాళ్ళు వెళ్ళిపోయాక కొట్టులో మేమిద్దరమే మిగిలాం.

"మీకొక అబద్ధం చెప్పానండీ" అన్నాను.

ఆమె తల ఎత్తలేదు. "ఏది మాస్టారూ? మొదటిదా, రెండోదా?"

ఆమె మిషను ఆపి, కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టింది.

"మొదటిరోజు మీరు చెయ్యి చాపినప్పుడే తెలిసింది, ఇంకా బిడ్డని ఎత్తుకోలేదని. ఎత్తుకున్న తండ్రికి మోచెయ్యి ఊరికే లేస్తుంది, మెడ వాలిపోకుండా. మీది చెక్కలాగుంది. సరే, రేపోమాపో పుట్టేదేలే, మగాడు ఆశపడి వచ్చాడు అని ఇచ్చేశాను. ఇవ్వకూడదు. ఆ ఒక్కసారే ఇచ్చాను."

"రెండోది?"

"నెలన్నరకి వచ్చారు. చెయ్యి సరిగ్గా పట్టారు. ఎత్తుకున్నారని తెలిసింది. అయితే గీత గీసినట్టు ఒక్కచోటే చూపించారు. బతికున్న బిడ్డ కదులుద్ది మాస్టారూ. ఎవరైనా సరే, ఇక్కడిదాకా, కాదు ఇక్కడిదాకా అంటారు."

"తెలిసి కూడా గౌన్లు ఎందుకు కుట్టి ఇచ్చారు?"

"మీరు అడిగారు. కుట్టనని ఏ నోటితో అంటాను?" ఒడిలోని గౌను చేతిలోకి తీసుకుని అడిగింది. "తల్లి చూసిందా?"

"లేదండీ. చూపించలేదు."

"అడిగిందా?"

"ఒకసారి. ఎంత ఉంది అని."

"ఏం చెప్పారు?"

"నేనూ చూడలేదన్నాను."

ఆమె చేతిలో ఉన్న గౌను దారాన్ని పళ్ళతో తెంపింది.

"మొదటి రెండూ నాకు చెప్పారు. నాదేం పోలేదు. ఇది మూడోది. మీ చేతిమీద ఉన్న కొలత మీది కాదు మాస్టారూ, ఆమెది. నాకు చూపించారు. ఆమెకి చూపించలేదు."

ఆ రోజు నుంచి మా పాప గురించి నేను మాట్లాడలేదు, గౌన్లు అడగలేదు. ఆ చుట్టాల పిల్ల బట్టలు ఇప్పుడు రావడం లేదేమని అంగన్‌వాడీ ఆయా అడిగింది. ఊరు వదిలి వెళ్ళిపోయారన్నాను.

స్టాఫ్ పని మీద మాత్రం వెళ్తూనే ఉండేవాణ్ణి. ఆమె పని అయిపోయి, చీర ముక్క ముడివేసి నా చేతికి ఇచ్చేటప్పుడు అడిగేది. "చూపించారా?"

"లేదండీ."

"సరే." అంతే. తిట్టలేదు, సలహా చెప్పలేదు. కొట్టులో ఎవరైనా ఉంటే ఆ మాట కూడా అనకుండా కనుబొమలు ఎత్తేది. నేను తల అడ్డంగా ఊపేవాణ్ణి. ఏళ్ళ తరబడి ఇంతే జరిగింది.

ఇంట్లో మొదలుపెట్టాలని అనుకోని నెల లేదు. నా భార్య తపాలా ఆఫీసులో పని చేస్తుంది. సాయంత్రం వచ్చి దొడ్లో మొక్కలకి నీళ్ళు పోస్తుంది, టీవీలో వార్తలు చూస్తుంది. నవ్వవలసినచోట నవ్వుతుంది. మర్చిపోద్ది అన్న మా అత్తగారి మాట నిజమైందేమో, మళ్ళీ కదపడం ఎందుకు అని నాకు నేను చెప్పుకునేవాణ్ణి. పుస్తకాలు చాలా చదివాను. ఈ విషయంలో నాకు దొరికిన తెలివి అంతే. నిజానికి ఆమె మర్చిపోయిందా లేదా అని కాదు నా భయం. అన్నేళ్ళ కిందట చూడలేదని ఎందుకు చెప్పావని అడిగితే నా దగ్గర జవాబు లేదు.

ఆ "చూపించారా" కి జవాబు చెప్పలేక, రెండేళ్ళ కిందట కొట్టు మార్చేశాను. గుడివాడలో అద్దాల షోరూములున్నాయి. పెళ్ళికో పేరంటానికో అటు వెళ్ళినప్పుడు అక్కడే కొనేసేవాణ్ణి. అక్కడ ఎవరూ ఏమీ అడగరు. ఎన్ని నెలలో చెబితే సైజు చూసి పెట్టెలో పెట్టి ఇస్తారు.

ఆమెను ఆఖరిసారి చూసింది బందరు బస్టాండులో. కిందటేడు. కూతురితో కలిసి ఉయ్యూరు వైపు వెళ్ళే బస్సు కోసం నిలబడి ఉంది. చిక్కిపోయింది. మా మధ్య జనం ఉన్నారు. నన్ను చూసింది. పిలవలేదు. చేతిసంచి కూతురికి ఇచ్చి, తన ఎడమచెయ్యి మడిచి, మోచెయ్యి కొంచెం ఎత్తి, అలా పట్టుకుని నావైపు చూసింది. బస్టాండులో ఎవరైనా చూస్తే ముసలావిడ చెయ్యి నొప్పెట్టి పట్టుకుందనుకుంటారు.

నేను చూడనట్టు బస్సుల బోర్డులవైపు తిరిగాను. మళ్ళీ ఇటు తిరిగేటప్పటికి వాళ్ళ బస్సు కదిలింది. కిటికీలో ఆమె నిటారుగా కూర్చుని ఉంది. చెయ్యి ఒడిలో అలాగే ఉందో లేదో నాకు కనపడలేదు. ఉందనే అనుకుంటాను. ఇప్పటికీ బస్టాండులో నిలబడితే నా కళ్ళు ఆ చోటికి వెళ్తాయి.

పోయిన నెల ఆమె కూతురి ముందు చెయ్యి చాపి నిలబడినప్పుడు, హెడ్మాస్టారి మనవరాలు ఎంత ఉందో చెప్పబోయి ఆగిపోయాను. ఆ బిడ్డని నేను చూడనే లేదు. ఫోటో చూశానంతే. రెండో చెయ్యి దానంతటదే మణికట్టు మీదికి వెళ్ళింది.

"మరీ ఇంత చిన్నగా ఉందాండీ? నెల తక్కువ బిడ్డా?" అంది ఆ అమ్మాయి.

ఆమె ఆ అమ్మాయికి ఏమీ చెప్పలేదని అప్పుడు అర్థమైంది. ఇన్నేళ్ళూ నా రహస్యం ఆమె దగ్గరే ఉంది, ఆమెతోనే పోయింది. ఇక ఈ ఊళ్ళో నన్ను "చూపించారా" అని అడిగే మనిషి లేదు.

"కాదమ్మా. పొరపాటు. అరచెయ్యి దాకా వెయ్యి" అన్నాను.

ఆ అమ్మాయి కొలుచుకుంది. గౌను తీసి చీర ముక్కలో కట్టింది. పాతబట్ట పైన పెట్టి, "ముందు ఇది" అంది. గొంతు అచ్చం తల్లిదే.

నేను ఇంటికి వెళ్ళేటప్పటికి నా భార్య వంటింటి గుమ్మంలో పీట వేసుకుని గోంగూర వలుస్తోంది. నా చేతిలో మూట చూసి అడిగింది.

"ఎవరికి?"

"హెడ్మాస్టారి మనవరాలికి."

"ఎంత ఉందట?"

అవే మాటలు. ఆమె అలా అనాలని అనలేదు. ఆకు తుంచుతూ, నావైపు చూడకుండా, ఎవరైనా అడిగే మాట అడిగింది. నేను మూటను కింద పెట్టాను. కుడిచెయ్యి చాపాను. మోచెయ్యి లేచింది. రెండో చెయ్యి మణికట్టు మీద పెట్టాను.

ఆమె తలెత్తి చూసింది. "అంత చిన్నదా పాపం?"

"ఆ పిల్ల కాదు" అన్నాను.

ఆమె చేతిలో గోంగూర కాడ అలాగే ఉండిపోయింది. వీధిలో ఎవరో స్కూటరు స్టార్టు చేశారు. అది వెళ్ళిపోయింది. ఆమె కాడను పళ్ళెంలో పెట్టి, చేతులు చీరకి తుడుచుకుని లేచి వచ్చింది. ఎందుకు చెప్పలేదని అడుగుతుందని నిలబడ్డాను. అడగలేదు. నా మణికట్టు మీద వేలు పెట్టింది.

"ఇక్కడిదాకానా?"

"ఇక్కడిదాకా."

"తల ఇటా?"

"అటే."

ఆమె తన అరచెయ్యి నా మోచేతి మడతలో పెట్టింది, కిందినుంచి, మెడ ఆనించే చోట. రెండో చెయ్యి మణికట్టు దగ్గర ఉంచింది. అలా పట్టుకుని, ఆ మధ్యలోకి చూస్తూ నిలబడింది.

చాలాసేపైంది. నా చెయ్యి లాగుతోంది. దించలేదు.